జాలికి ఐదు మార్కులు

మాణిక్యం ఒళ్ళు పెనంలా కాలుతోంది. అయినా వార్డెన్ వెంకటరత్నమ్మ ఆ పిల్లను రెక్క పట్టుకుని తెచ్చి క్లాసులో కూలేసింది. రెండు రోజుల్లో వారం పరీక్ష. విజయవాడలోని ఆ రెసిడెన్షియల్ కాలేజీలో పరీక్ష ముందు జ్వరం రావడానికి పర్మిషన్ లేదు.

ఇంగ్లీషు లెక్చరర్ జయకృష్ణ పద్యం చెబుతున్నాడు. పాతకాలపు కవి ఒకడు పట్నంలో నడుస్తుంటే, మూసిన మిల్లు గేటు వెనక పిల్లల దగ్గు వినిపిస్తుంది. అదీ పద్యం.

"చెప్పండమ్మా. కవికి ఏం కలిగింది?"

"జాలి," అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. అక్కడ చదువంటే అదే. సారు చెప్పింది కోరస్‌గా అరవాలి.

రాజేశ్వరి అరవలేదు. మంగళగిరి మగ్గాల ఇంటి పిల్ల. మాణిక్యం తల ఆమె భుజం మీదే వాలి ఉంది.

"జాలిపడి ఏం చేశాడు సార్?"

"ఏం చేస్తాడు? వెళ్ళి పద్యం రాశాడు."

"మరి గేటు ఎవరు తీశారు?"

"జాలి అని రాస్తే ఐదు మార్కులూ వస్తాయి. గేటు జోలికెళ్ళకు తల్లీ."

క్లాసు కిసుక్కుమంది. రాజేశ్వరికి ఒళ్ళు మండింది.

సాయంత్రానికి మాణిక్యం ముక్కులోంచి రక్తం కారింది. రాజేశ్వరి వార్డెన్ దగ్గరికి పరిగెత్తింది.

"ఆస్పత్రికి పంపండి మేడమ్."

"వాళ్ళమ్మ వచ్చి సంతకం పెడితేనే ఔట్‌పాస్, అది ఉంటేనే గేటు తాళం తీసేది. ఆదివారం అవనిగడ్డ నుంచి వస్తదిగా."

"ఆదివారం దాకా బతకాలిగా అండీ."

"పరీక్షంటే చాలు, లేని రోగాలన్నీ వస్తాయి మీకు. పో, చదువుకో."

స్టడీ అవర్ బెల్లు మోగింది. ఆ వేళ కోరస్ రోడ్డు మీదికి ఎంత గట్టిగా వినిపిస్తే యాజమాన్యానికి అంత సంబరం. దారినపోయే తల్లిదండ్రులకు అదే ప్రచారం. రాజేశ్వరి రోడ్డువైపు కిటికీలు బార్లా తెరిచింది.

"టీసీ ఇచ్చి పంపేస్తారే," అంది శ్రీదుర్గ, ముందు బెంచీ పిల్ల.

"పంపాలన్నా గేటు తియ్యాలిగా."

శ్రీదుర్గ లేచి పక్క కిటికీ తెరిచింది.

"చెప్పండమ్మా," అంది రాజేశ్వరి, అచ్చం సారులాగే. "గేటు వెనక ఎవరున్నారు?"

"మాణిక్యం."

"ఏమైంది?"

"జ్వరం. ముక్కులోంచి రక్తం."

"తాళం ఎవరి దగ్గరుంది?"

"వెంకటరత్నమ్మ దగ్గర."

మళ్ళీ అడిగింది. మళ్ళీ అరిచారు. టిఫిన్ బండి దగ్గర తినేవాళ్ళు తలలెత్తారు. ఆటోనగర్ షెడ్లనుంచి ఇళ్ళకు పోతున్న మెకానిక్కులు బళ్ళు ఆపారు. గ్రీజు చేతులు గేటు మీద పడ్డాయి.

"మీరు తీస్తారా, మమ్మల్ని తియ్యమంటారా?"

వెంకటరత్నమ్మ తాళంచెవి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మాణిక్యాన్ని ఆటోలో వేసుకెళ్ళారు. డెంగ్యూ అన్నారు డాక్టర్లు. తెల్లారేదాకా ఆగి ఉంటే దక్కేది కాదన్నారు.

పొద్దున్నే రాజేశ్వరిని పెట్టెతో సహా గేటు బయట నిలబెట్టి, టీసీ చేతిలో పెట్టారు. లోపల జయకృష్ణ గొంతు వినిపించింది.

"చెప్పండమ్మా. కవికి ఏం కలిగింది?"

కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"గేటు ఎవరు తీశారు?" శ్రీదుర్గ గొంతు.

"మేమే."

రాజేశ్వరి పెట్టె దించి, గేటుకు అడ్డంగా దానిమీదే కూర్చుంది.