అటు తిరిగి నిలబడ్డ మనిషి

పాలమూరు బస్టాండు వెనక సందులో ఉన్న ప్రభుత్వ చిత్రశాల తలుపులు పొద్దున పదిన్నరకు తెరుస్తారు. పదీ ఇరవైకే మెట్ల మీద ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. పూలమ్మేవాళ్లు, పండ్లమ్మేవాళ్లు, ఆ రోజు అడ్డా మీద కూలి దొరకనివాళ్లు. వాళ్లు బొమ్మల కోసం వచ్చారనుకుంటే పొరపాటు. బస్టాండు చుట్టుపక్కల ఆడమనిషి ధైర్యంగా లోపల గొళ్లెం పెట్టుకోగలిగిన బాత్రూము అదొక్కటే. ఆ పని అయ్యాక ఫిల్టరు నీళ్లు సీసాల్లో పట్టుకుంటారు, ఫ్యాను కింద కాసేపు కాళ్లు చాపుకుంటారు, ఎలాగూ వచ్చారు కాబట్టి బొమ్మలు చూస్తారు. కళాసేవ అంటే ఇదేనని నేను అనను. కాదని కూడా అనను.

ఆ శాలకు ఇన్‌చార్జి తిరుమల. నల్గొండ పిల్ల. పెద్ద చదువే చదివింది, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. చేసే పని మాత్రం ఎక్కువగా ఫినాయిలు తెప్పించడం. ఆమెకున్న ఒకే ఒక్క దిగులు తలుపు పక్కన బల్ల మీదున్న సందర్శకుల పుస్తకం. పేరు, ఊరు, ఏం చూశారు అని మూడు గళ్లు. రోజుకు వంద మంది వచ్చిపోతున్నా నాలుగేళ్లలో నాలుగు పేజీలు నిండలేదు. ఎవరూ రావడం లేదు కదా, ఆ బిల్డింగు ఇంకో ఆఫీసుకు ఇచ్చేస్తామని పైనుంచి రెండు కాగితాలొచ్చాయి. కానీ ఇక్కడి జనానికి సంతకమంటే హడలు. ఎవరు ఎక్కడ వేలిముద్ర వేస్తే ఏ చెలక భూమి ఎవరి పేరు మీదికి పోయిందో ఇంటింటికీ ఓ కథ ఉంది.

"జిరాక్సు అడుగు మేడం, ఇస్తం. సంతకం మాత్రం అడగకు," అంటారు.

నిజంగానే ఇస్తారు. ఆధార్ జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటో, తెల్ల కాగితం మీద దరఖాస్తు. ఎందుకో చెప్పాలంటే పెద్ద హాల్లోని 'అంగడి' గురించి చెప్పాలి.

గోడ మొత్తం పరుచుకున్న బొమ్మ అది. ఎప్పుడో ఒక డ్రాయింగు సారు రిటైరయ్యాక ఐదేళ్లు కూర్చుని గీసి, ఊరికి ఇచ్చిపోయాడు. వారపు అంగడి. గాజుల దుకాణాలు, ఎండుమిర్చి కుప్పలు, కల్లు కుండలు, బర్రెల వరస, వాటి మధ్య తిరిగే జనం. ఆ జనం ఒక్కచోట ఉండరు. నిన్న గాజులు బేరమాడిన ముసలమ్మ ఇవాళ మిర్చి దగ్గర తుమ్ముతూ ఉంటుంది. చూస్తున్నంతసేపూ కదలరు, చూపు పక్కకు తిప్పితే కదులుతారు. అంగడికి పోయిన మనిషి ఒక్క జాగాలో ఎందుకు నిలబడతాడని ఊళ్లో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. స్టాకు రిజిస్టరులో 'బొమ్మలోని మనుషుల సంఖ్య' అనే గడి దగ్గర తిరుమల మూడుసార్లు లెక్కపెట్టి, మూడు రకాలుగా వచ్చేసరికి 'చాలామంది' అని రాసి పెట్టింది.

కొందరికి అందులో తమవాళ్లు కనబడతారు. కనబడనివాళ్లు, ఇది సర్కారు ఆఫీసే కదా, అడిగితే పెట్టకపోతారా అని దరఖాస్తు ఇస్తారు. తిరుమల వాటిని ఫైల్లో కుట్టి పెడుతుంది. ఇంకేం చేయాలో ఆమెకూ తెలియదు.

గోవిందమ్మ కూడా అలాగే ఇచ్చింది, రేషను కార్డు జిరాక్సు. బస్టాండు గేటు దగ్గర ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముతుంది గోవిందమ్మ. తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది ఆమె మొగుడు కురుమయ్య, కూలీలను పోగుచేసి తీసుకుపోయే గుంపు మేస్త్రీతో పుణె పనికి బయల్దేరాడు. దారిలో కర్ణాటకలోని వాడి జంక్షన్లో చాయ్ తాగొస్తానని రైలు దిగాడు. రైలు కదిలింది, అతను ఎక్కలేదు. అంతే. తొమ్మిదేళ్లుగా ఆ చాయ్ అయిపోలేదు.

దరఖాస్తు ఇచ్చిన పదిహేను రోజులకు, ఉగాది ముందు, బర్రెల వరస దగ్గర కనబడ్డాడు. అటు తిరిగి నిలబడి ఉన్నాడు. నీలం గళ్ల చొక్కా, భుజాన తువ్వాల, కుడికాలి మడమతో ఎడమ పిక్క గీక్కుంటూ. అలా గీక్కోవడం కురుమయ్య అలవాటు. గోవిందమ్మ గంప దించి అక్కడే కూలబడింది. ఆ రోజు నుంచి రోజూ వస్తుంది. మిగతా జనమంతా తిరుగుతారు కానీ అతను మాత్రం అక్కడే, అటే తిరిగి ఉంటాడు. ఒక్కసారి ఇటు తిరిగితే చాలు. ఆరు నెలలుగా ఆ వీపునే చూస్తోంది.

"మేడం, గీ బొమ్మల ఉన్నోళ్లు బతికున్నోళ్లా, సచ్చిపోయినోళ్లా?" అని ఒకరోజు తిరుమలను అడిగింది.

తిరుమల ఆలోచించింది. పూలమ్మే అరుణమ్మ తల్లి చనిపోయి పదేళ్లు, ఆమె అందులో పసుపు అమ్ముతోంది. ఆటో నడిపే అమరేందర్ వాళ్ల అన్న మస్కట్‌లో బతికే ఉన్నాడు, మొన్న రాత్రే ఫోన్ చేశాడు, అతనూ అందులో కల్లు తాగుతున్నాడు.

"ఇద్దరూ ఉన్నరక్కా. దీనికి ఒక లెక్క లేదు," అంది.

గోవిందమ్మకు ఆ జవాబు ఎటూ కాకుండా తగిలింది. చచ్చిపోయాడు అనుకుంటే తనే చంపినట్టు ఉంటుంది. బతికున్నాడు అనుకుంటే, బతికుండి తొమ్మిదేళ్లు రాలేదన్న సంగతి అంతకన్నా ఎక్కువ నొప్పి పెడుతుంది. రెండిట్లో ఏది కోరుకోవాలో కూడా తెలియని మనిషికి దేవుడికి మొక్కడం కూడా కుదరదు.

ఆ వారంలోనే కురుమయ్య అన్న, ఆమె బావ గుర్వయ్య వచ్చాడు. చెడ్డవాడు కాదు. తమ్ముడు పోయాక కూడా ఆమెకు ఇంట్లోనే చోటిచ్చాడు, ఒక్క మాట అననివాడు. గంప పక్కన గొంతుక్కూర్చుని, పల్లికాయ ఒకటి ఒలిచి, తినకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"నా బిడ్డ కరుణ లగ్గం పెట్టుకున్నం గోవిందమ్మా. ఇంట్ల ఒక చావు తేలకుంట పందిరెట్ల వేస్తం? ఆ పిలగానోళ్లు గూడ అడుగుతాండ్రు."

"ఆయన సచ్చిండని నీకెవరు చెప్పిండ్రు బావా?"

"బతికిండని నీకెవరు చెప్పిండ్రు?"

"బొమ్మలున్నడు."

"అటు తిరిగి ఉన్నడంటివి. మొకం సూడకుంట ఎట్ల నమ్మాలె?"

 గోవిందమ్మ మెడలో పుస్తెలను వేళ్లతో పట్టుకుంది. శవం లేదు కాబట్టి గడ్డి బొమ్మను కాలుస్తారు. మూడో రోజు పిట్టకు పెడతారు. పదో రోజు ఈ పుస్తెలు తీస్తారు, గాజులు పగలగొడతారు. ఎవరో కాదు, చిన్నప్పటి నుంచి తన చేత జడ వేయించుకున్న కరుణ పెళ్లి కోసం. వద్దంటే ఆ పిల్ల బతుకు ఆగుతుంది. సరే అంటే తన బతుకు అయిపోతుంది.

"మీ ఇష్టం," అంది. ఇష్టం కాదు, అలసట.

గడ్డి బొమ్మను కాల్చారు. మూడో రోజు పొద్దున ఊరి బయట బండ మీద మోదుగాకుల విస్తరిలో అన్నం, యాట మాంసం కూర, పక్కన చిన్న ముంతలో కల్లు, ఒక బీడీ కట్ట పెట్టారు. కాకి వచ్చి ముడితేనే చనిపోయినవాడు తృప్తి పడ్డట్టు. మనుషులు చూస్తుంటే అది రాదు కాబట్టి అందరూ దూరం జరిగి మొహాలు తిప్పుకున్నారు.

కాకులు వచ్చాయి. ఆరో ఏడో. విస్తరి చుట్టూ నడిచాయి, తలలు వాల్చి చూశాయి, ముట్టలేదు. గుర్వయ్య దండం పెట్టి, "తమ్మీ, ఏం కావాల్నో చెప్పు. కరుణ లగ్గం పత్రిక మీద నీ పేరు మొదాల ఏపిస్త," అన్నాడు. కాకులు ఎగిరి తుమ్మచెట్టెక్కాయి. మధ్యాహ్నం దాటింది. కాకి తినేదాకా ఎవరూ తినకూడదు, కాబట్టి ఇరవై మంది కడుపులు కాలుతున్నాయి. తంతు నడిపించే లింగస్వామి తాత తన డెబ్బై ఏళ్లలో ఇలాంటిది చూడలేదని మూడుసార్లు అన్నాడు, మూడోసారి కొంచెం కోపంగా అన్నాడు.

గోవిందమ్మ లేచింది. "ఆయన ఈడ లేడు తాతా. ఉన్న జాగాల పెట్టకుంట ఈడ పెడితే ఎట్ల తింటడు?"

ఆకలి మీద ఉన్నవాళ్లకు ఆ మాట న్యాయంగానే తోచింది. విస్తరి, ముంత, బీడీ కట్ట, నలుగురు మనుషులు అమరేందర్ ఆటో ఎక్కి పాలమూరు వచ్చారు.

చిత్రశాల గుమ్మంలో 'తినుబండారములు లోనికి తీసుకురారాదు' అని బోర్డు ఉంది. తిరుమల దాన్ని వేలితో చూపించింది.

"తినేటందుకు కాదు బిడ్డా, పెట్టేటందుకు," అన్నాడు లింగస్వామి తాత.

తిరుమల బోర్డు వైపు చూసింది, గోవిందమ్మ మొహం వైపు చూసింది. ఆ బోర్డు మీద దీని గురించి ఏమీ రాసి లేదు. "కింద పేపరు పరవండి, నూనె కారుతది," అంది.

బర్రెల వరస కింద, నీలం గళ్ల చొక్కాకు సరిగ్గా ఎదురుగా, గోవిందమ్మ విస్తరి పెట్టింది. అందరూ గోడకు వీపులు తిప్పి నిలబడ్డారు. ఫ్యాను తిరుగుతోంది. బయట బస్సు కండక్టరు కొడంగల్, కొడంగల్ అని అరుస్తున్నాడు.  వెనక ముంత నేల మీద ఆనిన చప్పుడైంది.

తిరిగి చూశారు. విస్తరి ఖాళీగా ఉంది. మెతుకు లేదు, బొక్క లేదు. బర్రెల దగ్గరి మనిషి ఇటు తిరిగి ఉన్నాడు.

మొహం నిండా అమ్మోరు మచ్చలు. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంది. గుబురు మీసం, దాని చివర యాట కూర నూనె మెరుస్తోంది. కడుపు నిండినవాడి కళ్లు. అతను కురుమయ్య కాదు.

"గీనెవడు?" అన్నాడు గుర్వయ్య.

గోవిందమ్మ చాలాసేపు చూసింది. ఆరు నెలలు. ఎవరి మొగుడి వీపునో ఆరు నెలలు తనదనుకుని చూసింది. ముందు సిగ్గనిపించింది, తర్వాత నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. "పాపం, ఎంత ఆకలి మీదున్నడో," అంది. బొమ్మంతా వెతికారు. కురుమయ్య ఎక్కడా లేడు.

ఇప్పుడు ఏమైనట్టు? గుర్వయ్య అడిగాడు, తిరుమల అడిగింది, ఆటోవాడు కూడా అడిగాడు. లింగస్వామి తాత నేల మీద కూర్చుని, తలపాగా తీసి, మళ్లీ చుట్టుకుని, చివరికి నోరు తెరిచాడు.

"మన ఇంటి ఆకుల తిన్నడు. కాబట్టి మన ఇంటి కర్మ తీరింది. లగ్గం చేసుకోండ్రి. కాకపోతే తిన్నోడు వేరేటోడు. వాని పెండ్లాం ఏడున్నదో. గోవిందమ్మ మెడల పుస్తెలు తీసే హక్కు మనకు లేదు."

"అంటే తమ్ముడు సచ్చినట్టా, బతికినట్టా?"

"గది నన్నడగకు గుర్వయ్యా. ముందుగాల ఇంత తిననియ్యి."

మగవాళ్లు హోటలుకు పోయారు. గోవిందమ్మ తలుపు దగ్గర ఆగింది. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. ఇన్నాళ్లూ దాని పక్కనుంచే నడిచింది, ఎన్నడూ వంగి చూడలేదు. తొమ్మిదేళ్లలో ఆమె నింపిన ప్రతి కాగితంలో భర్త పేరు అనే గడి ఉండేది, దాని పక్కన ఉన్నాడా లేడా అని ఇంకో గడి. అక్కడికి రాగానే ఆమె చెయ్యి ఆగిపోయేది. ఈ పుస్తకంలో ఆ గడి లేదు. మళ్లీ ఒకసారి చూసుకుంది. నిజంగానే లేదు.

"మేడం, పెన్నియ్యి."

తిరుమల చేతిలోని ఫినాయిలు డబ్బా అలాగే పట్టుకుని చూస్తుండగా, గోవిందమ్మ వంకర అక్షరాలతో తన పేరు రాసింది. ఊరు దగ్గర పుట్టిన ఊరు రాయాలా మెట్టిన ఊరు రాయాలా అని తికమకపడి, పాలమూరు అని రాసింది. మూడో గడిలో 'మనిషి మొకం' అని రాసింది. మర్నాడు పూలమ్మే అరుణమ్మ, నువ్వు పెట్టినవా, ఏం కాలేదు గదా అని రెండుసార్లు అడిగి తనూ సంతకం పెట్టింది. ఆ నెలాఖరుకు ఆ పుస్తకం నిండిపోయింది. పైనుంచి కాగితాలు రావడం ఆగిపోయింది.

కరుణ పెళ్లిలో గోవిందమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని పందిట్లో ముందు వరసలో కూర్చుంది. పుస్తెలు మెడలో ఉన్నాయి. కొన్నాళ్ల తర్వాత ఒక పొద్దున, ఎవరూ చెప్పకుండానే, వాటిని తీసి డబ్బాలో పెట్టుకుంది. తర్వాత ఒక పండుగకు మళ్లీ వేసుకుంది. అడిగినవాళ్లకు నా ఇష్టమని చెప్పింది. ఈసారి అది ఇష్టమే.

చిత్రశాలకు రావడం మాత్రం మానలేదు. ఆరు నెలల్లో ఆ బొమ్మలోని ప్రతి మొహమూ ఆమెకు తెలిసిపోయింది. మా అమ్మ ఇయ్యాల ఏడున్నదక్కా అని అడిగితే, మిర్చి కుప్పల కాడ చూడు అని చెబుతుంది. కురుమయ్య కోసం వెతకదు. ఎక్కడో ఏదో ఊళ్లో ఎవరో ఆడమనిషి పొరపాటున అతనికి ఇంత అన్నం పెట్టి ఉంటుందని అనుకుంటుంది.

మరుసటి ఏడు దసరా ముందు, నారాయణపేట బస్సు దిగి ఒకామె వచ్చింది. పేరు బిక్షమ్మ. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో జిరాక్సు. తలుపు దగ్గర ఇంకెవరూ లేకపోవడంతో గోవిందమ్మనే ఆఫీసు మనిషి అనుకుని కవరు చాపింది. ఫోటో నల్లగా వచ్చింది కానీ తెగిన కనుబొమ్మ తెలుస్తోంది. మచ్చలు తెలుస్తున్నాయి.

గోవిందమ్మ ఆమె చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకుపోయి, వేలు పెట్టి చూపించింది. బిక్షమ్మ చూసింది. కవరు చేతిలోంచి జారింది.

"అక్కా, బతికున్నడా?"

"గదైతే నాకు తెల్వదు చెల్లే. అన్నమైతే తిన్నడు. నేనే పెట్టిన."

బిక్షమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. 

"ఏం కూర?"

"యాట కూర."

"ఆయనకు మస్తు ఇష్టం," అంది బిక్షమ్మ.