చప్పుడు లేని జీపు

సోంబరు తన జీపుకు కొత్త ఇంజను పెట్టాడని అరకులో అందరికీ తెలుసు. తెలియనివాళ్లు ఎవరైనా మిగిలితే వాళ్లను ఆపి మరీ సోంబరే చెప్పాడు. నాలుగు నెలలపాటు అతని షెడ్డు పక్కన టీ తాగడానికి వెళ్లినవాళ్లలో ఆ ఇంజను కథ వినకుండా తప్పించుకున్నవాడు లేడు. ముప్పయ్యేళ్ల నాటి జీపు అది. తుప్పు తినేసిన అడుగురేకు కోసి కొత్తది అతికాడు. సీట్లు కుట్టించాడు, ఆకుపచ్చ రంగు వేశాడు. అదంతా ఒక ఎత్తు, ఇంజను ఒక ఎత్తు. ఘాట్‌లో పడి నుజ్జయిన ఏదో కొత్త కారులో ఇంజను ఒక్కటే బతికి బయటపడితే, స్పేర్‌పార్టుల కొట్టు జగన్నాథరావు దాన్ని పట్టుకొచ్చి ఇచ్చాడు. ఆ ఇంజనుకూ ఈ పాత గేర్‌బాక్సుకూ బొత్తిగా పొత్తు కుదరలేదు. రెండింటికీ మధ్య వేసే ఇనప పలకను లేతు మిషను మీద మూడుసార్లు కోయించాల్సి వచ్చింది. దాని వైర్లు, దాని చిన్న కంప్యూటరు డబ్బా సోంబరుకు నెల రోజులు నిద్ర లేకుండా చేశాయి.

చివరికి ఇంజను తిరిగిన రోజున జగన్నాథరావు బానెట్ మీద చెయ్యి వేసి చూసి, "ఏం సోంబరూ, ఇది తిరుగుతోందా, పడుకుందా? ముట్టుకుంటే గాని తెలీట్లేదు" అన్నాడు. సోంబరు పొంగిపోయాడు. పొంగడా మరి!

కొత్త ఇంజనుతో మొదటి ట్రిప్పు బుధవారం, సంత నాడు పెట్టుకున్నాడు. ఎవరి కోసమో కాదు, కూతురు రమణి కోసం. రమణిని కొండపైన జాముపుట్టులో ఇచ్చాడు. ఇప్పుడు తొమ్మిదో నెల నిండుతోంది. బీపీ బాగా ఎక్కువగా ఉందనీ, బుధవారంకల్లా ఆస్పత్రిలో చేర్చకపోతే తల్లికీ బిడ్డకీ ప్రమాదమనీ ఆశా కార్యకర్త గట్టిగా చెప్పింది. జాముపుట్టుకు రోడ్డు లేదు. ఊళ్లో ఫోన్లున్నాయి గాని సిగ్నలు మాత్రం కొండెక్కదు. అంబులెన్సును పిలవాలన్నా ముందు కిందికి దిగి రావాల్సిందే. అందుకని సోంబరు ఆశా కార్యకర్త చేతే కబురు పంపాడు: బుధవారం పొద్దున్నే వస్తాను, ఎప్పటిలాగే దించుకు రండి అని.

ఎప్పటిలాగే అంటే ఏమిటో ఆ కొండల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. సోంబరు జీపుకు టైము లేదు. కింద ఘాట్ మొదట్లో పాత ఇంజను గోల మొదలయ్యేది. ఆ గోల మూడు కొండల అవతలికి వినపడేది. అది విన్నాక ఆడవాళ్లు మిరియాల మూటలు, పసుపు కొమ్ముల సంచులు కట్టుకునేవాళ్లు. జ్వరం వచ్చినవాళ్లను డోలీలో పడుకోబెట్టుకునేవాళ్లు. జీపు మూలుగుతూ ఎక్కి వచ్చేసరికి వాళ్లు దిగి రోడ్డు మీద నించునేవాళ్లు. పాతికేళ్లుగా అదే లెక్క.

ఆ బుధవారం సోంబరు మొదటి మలుపు దగ్గర ఆగాడు. అక్కడ ఎప్పుడూ పది మంది ఉంటారు. ఆ రోజు నరపురుగు లేదు. సరే, పొలం పనులేమో అనుకున్నాడు. రెండో మలుపు దగ్గరా ఎవరూ లేరు. ఇదేం చోద్యం? ఇవాళ బుధవారం కాదా అని ఫోను తీసి చూసుకున్నాడు. బుధవారమే. ఎవరైనా చనిపోయారా? పోతే డప్పు వినపడాలిగా. కొండదేవతకు మొక్కు తీర్చకుండా బండి తీశానని అలిగారేమో అనుకుంటే, కోడిని స్వయంగా తనే కోసి ఇచ్చాడు, సగం కూర వాళ్లే తిన్నారు. ఎటు నుంచి చూసినా పాలుపోలేదు.

మూడో మలుపు వచ్చేసరికి చూపు రోడ్డు వదిలి డీజిలు ముల్లు మీదికి పోయింది. ఆ మలుపు దగ్గర అతనికి ఎప్పుడూ అంతే. రెండేళ్ల కిందట రమణి ఆడబిడ్డ సోనికి నొప్పులొస్తే, జీపు చప్పుడు విని ఆమెను రోడ్డుకు దించారు. పైన వాళ్లు ఎదురుచూస్తుండగా ఈ మూడో మలుపులో జీపు ఆగిపోయింది. ఇంకో బండిని బతిమాలి తెచ్చేసరికి పొద్దుగూకింది, రోడ్డు పక్కనే సోని ప్రాణం పోయింది. ఇంజను మోసం చేసిందని సోంబరు అందరికీ చెప్పాడు. డీజిలు పంపు వారం ముందు నుంచే నసుగుతోందని, ఇంకొక్క సంత తిప్పి అప్పుడు విప్పుదాంలే అని తానే వాయిదా వేశాడని మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేరమంతా ఇంజను మీద వేసి, డబ్బు కూడగానే దాన్ని ఊడబెరికి పాతసామాన్లకు వేసేశాడు. ఇక ఈ జన్మలో తన బండి ఆగకూడదని ఒట్టు పెట్టుకుని కొత్తది తెచ్చాడు.

కొత్తది ఆగలేదు. వెన్నలా ఎక్కి జాముపుట్టు కింద ఎప్పుడూ ఆగే బండరాయి దగ్గర నించుంది. అక్కడ రమణి లేదు, డోలీ లేదు, ఎవరూ లేరు.

సోంబరు అరగంట చూశాడు. హారన్ కొట్టాడు. మబ్బులు చూడ్డానికి వచ్చే టూరిస్టులు ఆ రోడ్డు మీద పొద్దస్తమానం హారన్లు కొడుతూనే ఉంటారు, దానికి కొండమీద కుక్క కూడా తలెత్తదు. కబురు అందలేదా? లేక రమణికి ఏమైనా అయిందా? ఏం చెయ్యాలో తెలియక బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

అంతలో కట్టెల మోపుతో ఒకామె రోడ్డు మలుపు తిరిగి వచ్చి, జీపు మీద పడబోయి ఆగింది.

"అదేటి సోంబరన్నా, ఎప్పుడొచ్చినావు? ఇక్కడ బండి ఆగిపోనాదా?"

"ఆగిపోడమేటి? తిరుగుతోంది."

ఆమె చెవి పెట్టి వింది. బానెట్ వైపు, సోంబరు వైపు మార్చి మార్చి చూసింది. "నాకేటీ ఇనబడ్నేదు" అని, అతనికి మతి చెడిందేమోనన్న జాలితో పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయింది.

అప్పుడు గాని సోంబరు మట్టిబుర్రలో వెలగలేదు. కొండల్లో ఒక్కరికీ తను వచ్చినట్టు తెలియదు. వాళ్లు చప్పుడు కోసం చూస్తున్నారు. నాలుగు నెలలు కష్టపడి, పొగరుగా ఊరంతా చెప్పుకుని, ఆ చప్పుడునే తీసి పారేశాడు.

స్పానర్ తీసుకుని బండి కిందికి దూరాడు. సైలెన్సర్ విప్పి పక్కన పడేసి ఇంజను రేజ్ చేశాడు. కొండ దద్దరిల్లింది. తలెత్తి ఎదురుచూశాడు. చెట్లలో కదలిక లేదు. పాత ఇంజనుది ముసలి దగ్గు. ఇదేమో పల్లం నుంచి వచ్చే కుర్రాళ్ల మోటారుసైకిళ్లలా అరుస్తోంది. దాన్ని విని జాముపుట్టులో ఎవరో తిట్టుకుని ఉంటారు తప్ప, లేచి మాత్రం ఉండరు. మళ్లీ సైలెన్సర్ బిగించి, తాళం తీసుకుని, సోంబరు కొండెక్కడం మొదలుపెట్టాడు.

పైకి వెళ్లాక కూడా రొప్పు ఆగలేదు. వియ్యపురాలు సోములమ్మ ఇంటి ముందు డోలీ కట్టి సిద్ధంగా ఉంది. అల్లుడు బుధు, అతని చిన్నాన్న కొడుకు పక్కనే కూర్చున్నారు. గుమ్మంలో రమణి గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టింది. నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి.

"ఏటన్నా, నడిసి వచ్చినావు?" అంది సోములమ్మ. "బండి మళ్లీ ఆగిపోనాదా?"

"ఆగనేదు సెల్లెమ్మా. బండ కాడే ఉన్నాది. బేగి దించండి."

"నేదు. రానేదు. వత్తే మాకు ఇనబడదా?"

"కొత్త ఇంజనుకి సప్పుడుండదు. అదే కదా దాని గొప్ప."

సోములమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "సప్పుడు నేకుండా జీపు కొండెక్కిందా? అన్నా, ఆ రోజు నా కూతుర్ని దించినప్పుడు సగం దారిలో సప్పుడు ఆగిపోనాది. పొద్దుగూకేదాకా బండ కాడ కూకున్నాం. ఈ రోజు సప్పుడే నేదు. దీన్ని తీసుకెళ్లి ఖాళీ రోడ్డు మీద ఎట్టమంటావా? సప్పుడు బండ దాకా వత్తే దించుతాను. నేకపోతే ఇక్కడే ఉంటాది."

"బుధుని పంపి సూపించు."

"దిగి ఎక్కేసరికి గంట అవతాది."

బుధు తల్లి ముఖం, మామ ముఖం మార్చి మార్చి చూశాడు. ఎవరి మాట వినాలో తెలియక చేతిలో తాడును మెలితిప్పుతూ కూర్చున్నాడు. రమణి మూలిగింది. కళ్లు తెరిచి తండ్రిని చూసి, మళ్లీ మూసుకుంది. సోంబరుకు బుర్ర తిరిగిపోయింది. వినపడని బండిని ఉందని ఎలా నమ్మించాలి? ఒట్టు పెట్టొచ్చు. కానీ రెండేళ్ల కిందట ఒట్టు పెట్టే కదా, ఇంజనుకేమీ ఢోకా లేదని సోని నాన్నకు చెప్పింది.

అతను సోములమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు.

"సెల్లెమ్మా, ఆ రోజు తప్పు ఇంజనుది కాదు. నాదే. పంపు బాగోనేదని నాకు వారం ముందే తెలుసు. ఇంకో సంత తిప్పి సూద్దారనుకున్నాను. అందరికీ అబద్ధం సెప్పినాను. నీకూ సెప్పినాను."

బుధు చేతిలో తాడు ఆగిపోయింది. సోములమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. కొడుతుందేమో, కొడితే బాగుండు అనిపించింది సోంబరుకు.

"నాను ఇంత సెప్పి, ఇప్పుడు బండి ఉందని అబద్ధం సెబుతానా? అది నా కూతురు. దించండి" అన్నాడు.

సోములమ్మ లేచి నించుంది. అతని వైపు చూడలేదు. "బుధూ, లెగు" అంది. తనే వెళ్లి రమణిని పొదివి పట్టుకుంది.

దిగేటప్పుడు సోంబరు ముందు నడిచాడు, వెనక అన్నదమ్ములిద్దరూ డోలీ కర్రను చెరో కొసా మోశారు. చెట్లు పలచబడిన చోట బండరాయి, దాని పక్కన ఆకుపచ్చ జీపు కనపడ్డాయి. సోములమ్మ ఒక్క క్షణం ఆగి, చూసి, మళ్లీ నడిచింది.

బండి తియ్యగానే సోంబరుకు ఇంకో సంగతి తెలిసింది. పాత జీపులో వెనక ఎవరు ఏడ్చినా ముందుకు వినపడేది కాదు. ఇప్పుడు అన్నీ వినపడుతున్నాయి: రమణి ఊపిరి, ఆమె బిగబట్టిన మూలుగు, సోములమ్మ చెవిలో చెప్పే ధైర్యం. మూడో మలుపు దగ్గర సోములమ్మ మాట ఆగిపోయింది. మలుపు దాటాక, ఎవరితోనో అన్నట్టు మెల్లిగా అంది.

"ఆ రోజు సోని నన్ను అడుగుతూనే ఉన్నాది. అమ్మా, సప్పుడు మళ్లీ వత్తందా, సూడు అని. వత్తంది, వత్తంది అని నాను సెబుతూనే ఉన్నాను."

సోంబరు స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు. వినపడలేదని తప్పించుకునే వీలు ఈ బండిలో లేదు. కళ్లనీళ్లు తుడుచుకునే తీరిక కూడా లేక, అలాగే ఆస్పత్రి దాకా తోలాడు.

సాయంత్రానికి రమణికి ఆడపిల్ల పుట్టింది. సోంబరు వరండాలో బల్ల మీద కూర్చుని ఉంటే సోములమ్మ బయటికి వచ్చింది.

"గుంట పుట్టింది. ఇద్దరూ బాగున్నారు" అని, బల్లకు అవతలి చివర కూర్చుంది. తర్వాత అడిగింది.

"వచ్చే బుధవారం ఎన్నింటికి వత్తావు?"

సోంబరుకు అర్థం కాలేదు. పాతికేళ్లలో ఆ కొండమీద ఎవరూ అతన్ని టైము అడగలేదు.

"ఎనిమిదింటికి" అన్నాడు.

"అయితే ఎనిమిదింటికి బండ కాడుంటాం. సప్పుడు కోసం సూడం." చీర కొంగు సర్దుకుంది. "సోని సంగతి నాను మరిసిపోను అన్నా. అది నీకు తెలవాలి. బండి బాగోకపోతే మాత్రం, బాగోనేదని ముందే కబురెట్టు."

సోంబరు తలూపాడు. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని భయపడి, మళ్లీ తలూపాడు.