నా మూడంగుళాలు

నా అసలు ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. ఈ సంగతి రెండేళ్ళుగా లూకా గారికి చెప్పలేదు. చెప్పడానికేముంది, కనబడదా అంటారేమో. కనబడదు. పొద్దున భట్టిప్రోలులో రైలెక్కేటప్పుడూ, తెనాలిలో దిగేటప్పుడూ నా కాళ్ళ కింద, చీర కుచ్చిళ్ళ చాటున, మూడంగుళాల హీల్స్ ఉంటాయి.

చిన్నప్పుడు "పొట్టివాళ్ళకి పుట్టెడు బుద్ధులు" అంటూ అందరూ బుగ్గ గిల్లేవారు. ఒళ్ళు మండేది. తెనాలిలో నగల కొట్లో ఉద్యోగం రాగానే మొదటి జీతంతో హీల్స్ కొన్నాను. తొమ్మిదేళ్ళయింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, నాది కాళ్ళకే అతుక్కుపోయింది.

లూకా గారిది రేపల్లె. తెనాలి స్కూల్లో మాస్టారు. రైల్లో నిలబడి మాట్లాడుకుంటుంటే నా కళ్ళు సరిగ్గా ఆయన చొక్కా మొదటి గుండీ దగ్గరుంటాయి. సాయంత్రం నేను మా ఊళ్ళో దిగిపోయాక ఆ రైలు ఆయన్ని తీసుకుని వెళ్ళిపోతుంటే, దిగకుండా ఆయనతోనే వెళ్ళిపోవాలని ప్రాణం కొట్టుకుంటుంది.

ఆర్నెల్లుగా మడమ నొప్పి. పొద్దున్నే మంచం దిగి కాలు నేల మీద పెడితే మేకు దిగినట్టుంటుంది. డాక్టరమ్మ పిక్క నొక్కి చూసి చీవాట్లు పెట్టింది.

"ఇన్నేళ్ళూ మడమ ఎత్తి నడిచావు. పిక్క నుంచి మడమకొచ్చే నరం కురచైపోయింది. అందుకే చదునుగా నిలబడితే లాగుతోంది. హీల్స్ ఒక్కసారిగా మానకు, కొంచెం కొంచెం ఎత్తు తగ్గించు. రోజూ గోడ పట్టుకుని పిక్కలు సాగదియ్యి."

"ఎన్నాళ్ళండి?"

"నెలలు పడుతుందమ్మా."

నాకు నెలలెక్కడివి? ఆ సాయంత్రమే లూకా గారు, "ఆదివారం మా చర్చికి రా. అమ్మ నిన్ను చూస్తానంటోంది" అన్నారు. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన మాట! సంతోషించాల్సింది పోయి నా హీల్స్ వైపు చూసుకున్నాను. చెప్పులతో చర్చిలోకి ఎవరూ వెళ్ళరుగా.

ఆదివారం రేపల్లె చర్చి మెట్ల దగ్గర హీల్స్ విప్పాను. మడమ నేలకి తగలగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కుంటుకుంటూ వెళ్ళి ఆడవాళ్ళ వెనక వరసలో కూర్చున్నాను. ప్రసంగం ఒక్క ముక్క వింటే ఒట్టు. ప్రభువా, ఈయన నన్ను చూడాలి, ప్రభువా, చూడకూడదు. ఇదే నా ప్రార్థన.

ఆరాధన అయ్యాక అందరూ లేచారు. లూకా గారు వాళ్ళమ్మ పుష్పలత గారిని వెంటబెట్టుకొచ్చి నాకోసం వెతుకుతున్నారు. నేను బారెడు దూరంలోనే ఉన్నాను. ఆయన చూపు నా తల మీదుగా వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళిపోయింది. రోజూ నేనుండే ఎత్తులో వెతుకుతున్నారు, పిచ్చి మనిషి.

మునివేళ్ళ మీద లేస్తే చాలు, కనబడతాను. నొప్పి కూడా ఉండదు. కానీ ఎంతకాలమని లేవను? ఈయనతో బతకాలని ఉంది నాకు. వంటింట్లో, పెరట్లో, జ్వరమొచ్చి మంచాన పడ్డప్పుడు కూడా.

రెండు మడమలూ నేలకానించి "లూకా గారూ" అని పిలిచాను.

ఆయన అటూ ఇటూ చూసి, అప్పుడు తల వంచారు.

"జ్యోత్స్నా! అదేంటి, ఏమైంది నీకు?"

"ఏమీ కాలేదండి. నా ఎత్తే ఇంత."

 ఆయన నొప్పికి ముడుచుకున్న నా మొహం చూశారు, చెప్పుల్లేని కాళ్ళు చూశారు. పక్కనున్న కుర్చీ నా వైపు లాగారు.

"ముందు కూర్చో. అమ్మా, నేను చెప్పింది ఈ అమ్మాయి గురించే."

కూర్చుంటే ఎత్తు తెలియదు. నేను కూర్చోలేదు. ఇంకాసేపు ఆయన నన్నిలాగే చూడాలి.