జల్లెడమ్మ గుమ్మం

గ్రంథాలయం మేడమీది చిన్న గదిలో, టీ చల్లారిపోతున్నా గమనించకుండా, ఎవరో పంపిన ఇంకో మార్పును ఆమె తిప్పి పంపేసింది. అది పుస్తకాలు వెతికిపెట్టే ఒక కంప్యూటర్ ప్రోగ్రాంకి వచ్చిన మార్పు; ఆ ప్రోగ్రాం ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎన్నో గ్రంథాలయాలు దాన్ని ఉచితంగా వాడుకుంటాయి. చేతనైనవాళ్ళెవరైనా బాగుచేసి పంపవచ్చు. వచ్చినదాన్ని చూసి లోపలికి రానిచ్చేది మాత్రం ఆమె ఒక్కతే. ముక్కు చివరికి జారే కళ్ళజోడు, పొల్లు తప్పినా ఊరుకోని స్వభావం. వెనకాల అందరూ జల్లెడమ్మ అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

ఈమధ్య పంపేవాళ్ళే తగ్గిపోయారు. ఎందుకని? ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరుగుతూంటే ఆమెకొక సరదా ఆలోచన పుట్టింది. మారుపేరుతో కొత్తమనిషిలా చేరి, ఒక చిన్న అక్షరదోషం దిద్ది తన ప్రోగ్రాంకే పంపింది. రెప్పపాటులో తను ఎప్పుడో రాసిపెట్టిన జవాబే వచ్చిపడింది: నియమాలు చదివి రండి. చదవబోతే సగం పేజీలు తెరుచుకోలేదు. తెరుచుకున్నవి రాసిన తనకే అర్థం కాలేదు. తీసిన గోతిలో తానే పడ్డానని నవ్వుకుంది. మధ్యాహ్నానికి ఆ నవ్వు పోయింది.

పోయినేడు తను తిప్పి పంపిన ఒక మందుల కొట్టాయనకు ఫోన్ చేసి, మళ్ళీ ఎందుకు పంపలేదని అడిగింది.

"తప్పన్నారు గానీ, ఏది తప్పో చెప్పలేదు కదమ్మా. కొట్టు కట్టేశాక కూర్చుని రాసేవాణ్ణి. తలుపు తియ్యని ఇంటి ముందు ఎంతసేపని నిలబడను?"

ఆమె ఆయన పని వెతికి తీసింది. స్పెల్లింగు కాస్త అటూఇటైనా పుస్తకం దొరికేలా చేశాడు. అంతా సరిగ్గానే ఉంది. రాసిన వరసలు మాత్రం ఆమెకు నచ్చినట్టు సర్ది లేవు. అవి సర్ది, ఆయన పేరుతోనే లోపలికి తీసుకుంది.

సాయంత్రానికల్లా ఆ పాత జవాబు తీసేసింది. కొత్తవాళ్ళకు చిన్న పనులు విడిగా పెట్టింది. ఒక్కొక్కరికీ తోడుగా ఒక పాతమనిషి ఉండేలా ఏర్పాటు చేసింది. రానిచ్చే అధికారం పక్క కుర్చీలో పనిచేసే అమ్మాయికీ, మందుల కొట్టాయనకూ కూడా ఇచ్చేసింది.

"తప్పులు దొర్లితేనో అక్కా?" అంది ఆ అమ్మాయి భయంగా.

"దొర్లనీ. దిద్దుకునేది మనమేగా."

ఆ నెలాఖరున ఆమె గ్రంథాలయం ఉద్యోగం నుంచి రిటైరయింది. సభా, దండలూ వద్దని, మామూలు వేళకే మెట్లు దిగి వెళ్ళిపోయింది. మర్నాడు ఊరూ పేరూ తెలియని ఎవరెవరో పంపిన మార్పులు తెర నిండా ఉన్నాయి. వాటిని చూద్దామని ఆ అమ్మాయి జల్లెడమ్మ కూర్చునే పెద్ద కుర్చీని ముందుకు లాక్కుంది. దానిమీది పువ్వుల గుడ్డ దిండు, ఏళ్ళ తరబడి ఒకే మనిషి కూర్చున్న చోట లొత్తపడి, ఇంకా పొంగలేదు.