జత కాని గొట్టాలు

గరిడేపల్లి నుంచి నరోత్తం రెడ్డి తన తాత నాటి జోడు గొట్టాల తుపాకీని సూర్యాపేటలోని నా తుపాకుల రిపేరు దుకాణానికి తెచ్చిండు.

"గొట్టాలు వదులైనయ్, జర బిగించు. ముప్పై ఏండ్ల సంది పెట్టెల్నే ఉన్నది."

పెట్టెల పన్న తుపాకి వదులెట్లయితది? గొట్టాలు ఊడదీసి చూసిన. వాటి మీద ఒక నంబరు, పిడి ఇనుము మీద ఇంకోటి. లైసెన్సుల ఉన్నది పిడి నంబరు.

"ఇవి వేరే తుపాకివి పటేలా, అందుకే ఊగుతున్నయ్. దీని గొట్టాలెవరికిచ్చిండ్రు?"

"ఐదో తరగతి దాటనోనివి, నువ్వు నంబర్లు సదువుతున్నవా?" అని నవ్వి, ఫోన్ మాట్లాడొస్తనని బయటికి పోయిండు. గంటైనా రాలే.

లైసెన్సు తుపాకి గొట్టాలు మార్చుడు నేరం; అది నేనే చేసిన్నని ఆయన చెప్తే నా దుకాణం ఖతం. పోలీసులు పటేలు మాటే వింటరు. తుపాకీని బీరువల పెట్టి తాళమేసి, ఆయన కంటే ముందే స్టేషన్‌కు ఉరికిన.