జీమ్ కింద చుక్క

బోధన్ పాతబస్తీలో బోర్డులు రాసే నర్సన్నకు అరవై దాటాయి గానీ, కోపానికి మాత్రం ఇంకా వయసు మళ్లలేదు. ఆ ఉదయం గల్లీ మొదట్లో కొత్తగా నిలబెట్టిన రేకు బోర్డు చూసేసరికి ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

గల్లీకి చనిపోయిన తన ఉస్తాద్ అబ్దుల్ జలీల్ పేరు పెట్టారు. అంతవరకు సంతోషమే. కిరాణా కొట్ల నుంచి చెరుకు లారీల దాకా నలభై ఏళ్లు ఊరికి అక్షరాలు దిద్దిన చెయ్యి అది. తెలుగులో పేరు శుభ్రంగానే ఉంది. దాని కింద ఉర్దూలోనే కొంప మునిగింది.

తెలుగులో ఉన్నది ఒక్కటే జ. ఉర్దూలో జీమ్ అనే అక్షరం వేరు, జాల్ అనే అక్షరం వేరు. జీమ్‌తో మొదలైతే జలీల్ అంటే మహామహిముడు, అది అల్లా పేర్లలో ఒకటి. జాల్‌తో మొదలైతే నీచుడు. ఎవడో ఘనుడు తెలుగు పేరును ఫోన్లో కొట్టి, అది ఇచ్చిన ఉర్దూ ముక్కను తెచ్చి అతికించాడు. అబ్దుల్ అంటే దాసుడు. అలా మహామహిముడి దాసుడు కాస్తా నీచుడి దాసుడై నడిబజారులో నిలబడ్డాడు.

పని నేర్చుకోవడానికి వెళ్లిన మొదటిరోజే నర్సన్న "జలీల్ సాబ్" అని పిలిచి చీవాట్లు తిన్నాడు. "జలీల్ ఆయనొక్కడే బేటా. నేను అబ్దుల్ జలీల్. ముందటి ముక్క కొయ్యకు," అన్నాడు ఉస్తాద్. పేరు కోసి పిలిస్తే చాయ్ హోటల్లో ఎంత కేకేసినా ఆయన పలికేవాడు కాదు. చల్లారిన చాయ్ తాగేవాడే గానీ, దేవుడి గొప్పతనాన్ని తన నెత్తిన పెట్టుకునేవాడు కాదు. అలాంటి మనిషికా ఈ మర్యాద!

బోర్డు పెట్టించింది గల్లీ లీడరు నరేందర్. పదింటికి రిబ్బన్ కత్తిరించాలి. నర్సన్న పోయి తప్పు చెబితే నరేందర్ నవ్వేశాడు. ఒక్క అక్షరానికి ఇంత గోలేమిటన్నాడు, పలికితే రెండూ ఒకటేనన్నాడు, ఉర్దూ ఎవరు చదువుతారన్నాడు. ఆ గల్లీలో ఇంటింటికీ ఉర్దూ వచ్చినవాళ్లున్న సంగతి ఆ పెద్దమనిషికి ఓట్లప్పుడే గుర్తొస్తుంది కాబోలు. కావాలంటే ప్రోగ్రాం అయ్యాక చూద్దామన్నాడు. ఆ చూడటం ఎలా ఉంటుందో నర్సన్నకు తెలియదా!

ఇంతలో ఉస్తాద్ భార్య ఖుర్షీద్ బేగం గడప దాటి వచ్చింది. కళ్లద్దాలు సవరించుకుని బోర్డు చదివింది, మళ్లీ చదివింది. పేరు చూసి మురిసిపోదామని కొత్త దుపట్టా కప్పుకుని వచ్చిన మనిషి.

"మీ ఉస్తాద్‌ను తిట్టినా ఊకుంటుంటి నర్సన్నా," అంది. "గిండ్ల అల్లా పేరున్నది."

లోపలికి వెళ్లి తలుపేసుకుంది. రేపటి నుంచి ఆమె బయటికి వచ్చినప్పుడల్లా ఆ బోర్డు కిందనుంచే నడవాలి. నర్సన్న ఇంటికి పోయి నిచ్చెన, రంగు డబ్బా, కుంచె తెచ్చాడు. నిచ్చెనను బోర్డుకు కాదు, పక్కనే కట్టిన నరేందర్ ఫ్లెక్సీకి ఆనించాడు. దాని మీద పళ్లెమంత అక్షరాలతో 'ప్రజా నేత' అని ఉంది.

"ఏం జేస్తున్నవ్ నర్సన్నా?" అన్నాడు నరేందర్.

"ఒక్క అక్షరమే గద. నేతను మేత జేస్త. ఎవరు సదువుతరో సూద్దాం."

పోగైన జనం గొల్లుమన్నారు. 'ప్రజా మేత' అని ఒకడు అప్పుడే పైకి చదివేశాడు కూడా. నరేందర్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. దిగమని బతిమాలాడు, ముందు ఆ బోర్డు సంగతి చూడమన్నాడు.

నర్సన్న జాల్‌ను గోకి పారేసి, జీమ్‌ను వంపు తిప్పి పక్కనున్న ల అక్షరం లామ్‌తో కలిపాడు. కింద చుక్క పెట్టేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాడు. ఉస్తాద్ తనకు మొదట దిద్దించిన చుక్క అది. తరువాత పోయి తలుపు తట్టి ఖుర్షీద్ బేగంను పిలుచుకొచ్చాడు. ఆమె ఈసారి ఒక్కసారే చదివింది, దుపట్టా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నరేందర్ మైకు అందుకున్నాడు. "మన జలీల్ సాబ్..." అని మొదలుపెట్టాడు.

నర్సన్న తడి ఆరని కుంచెను ఫ్లెక్సీ వైపు ఎత్తాడు.

నరేందర్ గుటక మింగి, "అబ్దుల్ జలీల్ సాబ్," అన్నాడు.