నేతవాడ ముద్ర

పత్రికలను బల్లల మీద పరుస్తూ దేవదాస్ ఒక్కో పేజీని బొటనవేలితో తడిమి చూశాడు. ఎవరైనా బ్లేడుతో ముక్క కోసుకుపోతే కంటికన్నా ముందు వేలికే తెలుస్తుంది. నిన్నటివీ తీసి చూశాడు. ఉద్యోగాల పేజీ ఉంది, సినిమా పేజీ ఉంది. అన్నీ ఉన్నంత మాత్రాన అతని మనసు కుదుటపడలేదు. నిన్న కోయనివాడు ఇవాళ కోస్తాడు.

అతను కోరుట్ల గ్రంథాలయంలో అటెండరు. సన్నటి మనిషి. ఎప్పుడూ ఏదో సందులోంచి తొంగి చూస్తున్నట్టు మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. తాళాల గుత్తికి నల్లదారం కట్టి, దాని కొసను చొక్కా గుండీకి ముడేసుకుంటాడు. ఎవరైనా తాళాలు లాగితే చొక్కా కదిలి తనకు తెలియాలని. పోటీ పరీక్షలకు చదువుకోవడానికి వచ్చేవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు వాళ్ల సంచులన్నీ విప్పించి చూస్తాడు. చలికాలంలో ఎవరైనా శాలువా కప్పుకొని వస్తే, అది దులిపి చూపించేదాకా గడప దాటనివ్వడు. ఆడవాళ్ల సంచుల్లో మాత్రం చెయ్యి పెట్టడు. అది మర్యాద కాదని అతని లెక్క. వెనకాల అతన్ని సీసీ కెమెరా అంటారు. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ పేరు పెట్టింది ఎవరన్న విషయంలోనూ ఒక అనుమానం ఉంది.

పత్రికల పని అయ్యాక నవలల బీరువా దగ్గరికి వెళ్లాడు. కింది వరుస చివర, నిన్న మధ్యాహ్నం దుమ్ము దులిపినప్పుడు లేని పుస్తకం ఒకటి నిలబడి ఉంది.

మళ్లీ మొదలైంది.

చుట్టూ చూసి దాన్ని బయటికి లాగాడు. అట్ట పాతది. వీపు మాత్రం తెల్లటి దారంతో కొత్తగా, గట్టిగా కుట్టి ఉంది. మొదటి పేజీలో ఊదారంగు గుండ్రటి ముద్ర: నేతవాడ పఠనాలయం, సిరిసిల్ల.

వినాయక చవితి వెళ్లిన దగ్గర్నుంచి ఇదే వరస. ఎవరో వారానికి ఒకటో రెండో పుస్తకాలు తెచ్చి బీరువాల్లో దూరుస్తున్నారు. అన్నింటి మీదా ఇదే ముద్ర. ఈ మధ్య కొన్నాళ్లు ఆగింది. ఆగినందుకు దేవదాస్ మరింత భయపడ్డాడు. పన్నాగం పన్నేవాడు ఆలోచించుకోవడానికే ఆగుతాడు. పోయిన పుస్తకాన్ని వెతకడం అతనికి తెలుసు. వచ్చిన పుస్తకాన్ని ఏం చెయ్యాలో ఇన్నేళ్ల కొలువులో ఎవరూ చెప్పలేదు. దొరికినవాటినల్లా మూలనున్న విరిగిన బీరువాలో, పాత బ్యానర్ల అడుగున దాస్తూ వచ్చాడు. దీన్నీ అక్కడికే చేర్చాడు.

జిల్లాలు విడిపోకముందు దేవదాస్ ఆ నేతవాడ పఠనాలయంలోనే పనిచేసేవాడు. సాంచల మధ్య రెండు గదుల ఇల్లు అది. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచలంటారు. పగలంతా వాటి టకటక గోడల్లోంచి వినబడేది. పని దిగినవాళ్లు చొక్కాల మీద నూలు పోగులతోనే వచ్చి కూచుని చదువుకునేవాళ్లు. ఒకసారి పైనుంచి తనిఖీకి వస్తే బీరువాల్లో పుస్తకాలు తక్కువయ్యాయి. తాళాలు దేవదాస్ దగ్గరే ఉండేవి. దొంగ అని ఎవరూ అనలేదు. అనకుండానే ప్రమోషన్ ఆపి కోరుట్లకు పంపించారు. నేతవాడంతటికీ అర్థమైపోయింది. అతను వెళ్లి చాయ్ హోటల్లో కూచుంటే అప్పటిదాకా నడుస్తున్న మాటలు ఆగిపోయేవి. బాలకిషన్ అనే సాంచల కార్మికుడు ఒక్కడే నలుగురి మధ్యా లేచి నిలబడి, "దేవదాస్ దొంగ కాదు. నా బిడ్డ మీద ఒట్టేసి జెప్త" అన్నాడు. అతనికి చెవులు సరిగా వినపడవు. అందుకని గట్టిగా, వీధి చివరిదాకా వినబడేలా అన్నాడు.

ఇంట్లో భార్య లస్మవ్వ బీడీలు చుడుతూ, తలెత్తకుండా ఒకే ఒక్క మాట అడిగింది: "నిజంగ తియ్యలేదా?"

ఆ తరువాత కూడా ఇద్దరూ ఏళ్ల తరబడి కాపురం చేశారు. ఆమె మంచాన పడితే దగ్గరుండి సేవ చేశాడు, ఆమె పోతే ఏడ్చాడు. ఆ మాటను మాత్రం క్షమించలేదు.

"దేవదాసన్నా!" లైబ్రేరియన్ శ్రీలత పిలిచింది. నిరుడు జగిత్యాల నుంచి వచ్చిన చిన్నవయసు మనిషి. గ్రంథాలయ వారోత్సవాలు దగ్గరపడటంతో ఆమె బల్ల నిండా వ్యాసరచన కాగితాలు, ముగ్గుల పోటీకి తెచ్చిన బహుమతులు, రంగు తోరణాలు. "ఇయ్యాల జగిత్యాల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థ సార్లు వస్తున్నరు. వారోత్సవాల ముందు అన్ని లైబ్రరీలు చూస్తున్నరట. పాత బీరువాలు గూడ తెరిపియ్యుమన్నరు."

"అన్ని బీరువాలా, మేడం?"

"అన్నీ. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"ఊకెనే."

ఆమె 'అన్నీ' అని ఎందుకంత నొక్కి చెప్పింది? మొన్న ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడింది ఎవరితో? రిటైర్మెంటుకు ఇంకా కొద్ది నెలలే ఉన్నాయి. ఈలోగా సిరిసిల్ల పుస్తకాలతో, సిరిసిల్ల నుంచి వచ్చినవాడు పట్టుబడితే ఇక ఎవరూ ఏమీ రుజువు చెయ్యనక్కర్లేదు. పింఛను పోతుంది. పాత మచ్చ కొత్తగా అంటుకుంటుంది. దేవదాస్ కళ్లు గది ఊడుస్తున్న జోహరా బీ మీద నిలిచాయి. తను కాక బీరువాల సందుల్లో తిరిగే మనిషి ఆమె ఒక్కతే.

"బీ, గా నవలల కాడ పుస్తకం నువ్వే పెట్టినవా?"

"ఏం పుస్తకం?"

"సిరిసిల్లది. నీకెవలిచ్చిండ్రు?"

జోహరా బీ నడుము నిటారుగా చేసి అతని వైపు చూసింది. "నాకు చదువే రాదు దేవదాస్ భాయ్. కితాబులతోని నాకేం పని?"

"చదువు రానోళ్లతోనే చేపిస్తరు గిసొంటి పనులు."

ఆమె చీపురును గోడకు ఆనించింది. బయటికి వెళ్లి మెట్ల మీద కూచుంది. పది గంటల చాయ్ శ్రీలతకు పోసింది, తను తాగింది. దేవదాస్ గ్లాసు బోర్లించినట్టే ఉండిపోయింది. చూశావా, తప్పు చేసినవాళ్లే ఇట్లా ముఖం చాటేస్తారు అనుకున్నాడు దేవదాస్.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి రెండు ముద్దలు తిని మూసేశాడు. సార్లు అడిగితే చెప్పవలసిన మాటలు మనసులో పేర్చుకోవడం మొదలుపెట్టాడు. సిరిసిల్లలో ఆనాడు నోరు పెగలక చెప్పలేకపోయిన మాటలు కూడా వచ్చి వీటిలో కలిశాయి. ఏవి ఇప్పటివో ఏవి అప్పటివో వేరు చెయ్యడం అతని వల్ల కాలేదు.

జగిత్యాల నుంచి కారులో ఇద్దరు వచ్చారు. చదువుకునే గది చూశారు, ఫ్యాన్లు వేయించి చూశారు, నీళ్ల ట్యాంకు గురించి అడిగారు. శ్రీలత తోరణాల ముందు నిలబడితే ఫోటో తీసుకున్నారు. చివరికి వాళ్లలో పెద్దాయన విరిగిన బీరువా ముందు ఆగి బ్యానర్లు జరపమన్నాడు. లాగగానే పుస్తకాలు జారి అతని బూట్ల మీద పడ్డాయి.

దేవదాస్ ముందుకొచ్చాడు. "సార్, ఇవి నేను తేలే. తల్లితోడు సార్..." పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

పెద్దాయన ఒక పుస్తకం తెరిచి ముద్ర చదివాడు. "నేతవాడ పఠనాలయమా? అది యాడుంది?"

"ఇప్పుడు లేదు సార్. జిల్లాలైనంక ఎత్తేసిండ్రు" అన్నాడు రెండో ఆయన.

"అయితే మనకేం పంచాయితీ? మంచిగనే ఉన్నయి. మన ముద్ర గొట్టి బీరువాల పెట్టుకోండి."

"సార్, గప్పట్ల గీ పుస్తకాలు పోయినయనే నన్ను గీడికి..."

"ఏండ్ల కిందటి ముచ్చట, ఎవలకు యాదుంటది పెద్దమనిషీ?" ఆయన నవ్వి దేవదాస్ భుజం తట్టాడు. "పిల్లలకు కుర్చీలు తక్కువున్నయి, ముందు గా పని జూడాలె." మెట్‌పల్లికి పొద్దు పోతోందని చెప్పి ఇద్దరూ కారెక్కారు.

దేవదాస్ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తన వయసును, తన సంసారాన్ని తినేసిన నింద ఇప్పుడు ఏ ఆఫీసులోనూ లేదు. మోపినవాళ్లు మరిచిపోయారు. మోసినవాడికి తప్ప అది ఎవరికీ గుర్తులేదు. అయినా మనసు ఊరుకోలేదు. ఇంత తేలిగ్గా వదిలేశారంటే దీని వెనక ఇంకేదో ఉండి ఉంటుంది. ఎవరు తెస్తున్నారో పట్టుకుంటే కానీ తేలదు.

పొద్దు వాలుతుండగా అతను నిఘంటువుల బీరువా చాటున నిలబడ్డాడు. ఒకామె వచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. ఎప్పుడో రెండుమూడుసార్లు వారపత్రికలు తిరగేస్తూ కనబడిన మనిషే. అప్పటికన్నా చిక్కిపోయింది. ముఖాన నిద్ర లేదు. నేరుగా నవలల దగ్గరికి వెళ్లి, సంచిలోంచి పత్రికలో చుట్టిన పుస్తకం తీసింది.

దేవదాస్ అడ్డం వచ్చి నిలబడ్డాడు. "ఎవలమ్మ నువ్వు? ఎవలు పంపిండ్రు నిన్ను?"

ఆమె ఉలిక్కిపడలేదు. అతన్ని, చొక్కాకు కట్టిన తాళాలను చూసింది. "నువ్వే గదా దేవదాస్ కాకవు? నేను మాధవిని. సిరిసిల్ల బాలకిషన్ బిడ్డను."

ఆ రోజంతటిలో మొదటిసారి దేవదాస్ మెడ నిటారుగా లేచింది. "బాలకిషన్ బిడ్డవా! ఎట్లున్నడే మీ బాపు? ఫోన్ జేస్తే ఎత్తడు."

"బాపు పోయిండు కాకా. సిరిసిల్లకు తీస్కపోయి దినాలు చేసి మొన్ననే అచ్చినం."

దేవదాస్ చెయ్యి బీరువా అంచును వెతుక్కుని పట్టుకుంది.

"రెండేండ్ల సంది నా కాన్నే ఉన్నడు. గీ వెనక గల్లీలనే. కాళ్లు పడిపోయినయి."

"గీ కోరుట్లలనే ఉన్నడా? మరి నాకెందుకు చెప్పలే?"

మాధవి తల దించుకుంది. "గీ పుస్తకాలు బాపు తీసినయే కాకా. సాంచలు బందువడ్డ నాడు ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తుందని, శాలువల పెట్టుకొని ఒక్కొక్కటి తెచ్చిండట. పేరు రాయిస్తే ఒక్కటే ఇస్తరు గదా. చదివి మల్ల పెడ్దమనుకున్నడట. గా నడుమనే లెక్కలకచ్చిండ్రు. నీ మీద పడ్డది. ఇగ భయపడ్డడు."

దేవదాస్‌కు చాయ్ హోటల్లో వినబడిన ఆ గట్టి గొంతు గుర్తుకొచ్చింది. దేవదాస్ దొంగ కాదు. ఆ మాటను ఆ ఊళ్లో అంత ధీమాగా చెప్పగలిగినవాడు మరెవరుంటారు? కోరుట్లకు వచ్చే రోజు బస్టాండు దాకా వచ్చి తన చేతులు పట్టుకుని ఏడ్చింది కూడా అతనే. తన కోసమే ఏడుస్తున్నాడనుకున్నాడు.

"వాని శాలువ ఒక్కటే నేను ఏనాడు దులపలే" అన్నాడు. "నా లస్మి నన్నడిగింది బిడ్డా, నిజంగ తియ్యలేదా అని. గా అనుమానం గట్లనే మనసుల పెట్టుకొని పోయింది. ఇప్పుడు ఎవలకు జెప్పాలె నేను?"

మాధవి కొంగుతో ముఖం తుడుచుకుంది. "పుస్తకాలు చినిగినయని మంచంల పండుకొనే ఒక్కొక్కటి కుట్టుకుంట, కుట్టినంక నాతోని పంపుతుండె. నేను ఇంటికి పోంగనే ఒకటే అడుగుతుండె, దేవదాస్ నీ సంచి జూసిండా అని. చూడలేదంటే మొఖం చిన్నగ చేసుకుంటుండె" అంది. "జూసి పట్టుకుంటే మొత్తం చెప్పుమన్నడు కాకా. తనంతల తాను చెప్పే ధైర్నం లేకపాయె."

"చచ్చేదాక లేకపాయెనా?"

"లేకపాయె. తిట్టు కాకా. ఆయన లేడు, నన్నన్న తిట్టు."

దేవదాస్‌కు కోపం ఉంది, ఆమె మీద కాదు. ఎవరి మీద ఉందో వాడు దొరకనంత దూరం వెళ్లిపోయాడు. "ఇంటికి పో బిడ్డా, చీకటి పడ్తది" అన్నాడు చివరికి.

"ఇగ ఇదే ఆఖరుది" అని ఆమె పుస్తకాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. గడప దగ్గర ఆగి ఖాళీ సంచి తెరిచి అతనికి చూపించింది. అతను చూడలేదు.

శ్రీలత అప్పటికే వెళ్లిపోయింది. జోహరా బీ కిటికీలు మూసి చెప్పులు తొడుక్కుంటోంది. దేవదాస్ ఆమె ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"బీ, పుస్తకాలు పెట్టింది నువ్వు కాదు."

"నేను కాదని నాకెర్క లేదా భాయ్?" అంది ఆమె. "నీకు ఎర్క గావాల్నని పొద్దటి సంది కూసున్న."

ఆమె ఇంకొంచెంసేపు ఆగి చూసి, కొంగు తల మీదికి లాక్కుని మెట్లు దిగింది.

దేవదాస్ బల్ల దగ్గర కూచుని పత్రిక చుట్టు విప్పాడు. పుస్తకం వీపు సగం దాకానే కుట్టి ఉంది. మొదట్లో కుట్లు దగ్గరదగ్గరగా పడ్డాయి. పోను పోను ఎడంగా, వంకరగా నడిచాయి. ఆగిపోయిన చోట సూది అలాగే గుచ్చి ఉంది, దాని బెజ్జంలో ఎక్కించిన తెల్లదారం ఇంకా జానెడు మిగిలి, బల్ల అంచు మీది నుంచి కిందికి వేలాడుతోంది.